చీరల కొట్టు నడుము: పదహారు వారాల పిలాటీస్ కేస్ స్టడీ

ఆయన వయసు 54. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్టులో ముప్ఫై ఏళ్లుగా సేల్స్‌మన్. ఇల్లు కొత్తపేట కొండ మీద. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

మొగల్రాజపురంలో నేను పిలాటీస్ (చాప మీదా, స్ప్రింగుల మీదా అదుపుతో చేసే వ్యాయామ పద్ధతి) చేయించే గది రెండో అంతస్తులో ఉంటుంది. జూన్ మొదటి వారంలో భార్యను వెంటబెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని ఎక్కి వచ్చారు. "నడుము పట్టేసిందమ్మా" అన్నారు. నేను మాత్రం నడుము కంటే ముందు చేతులు చూశాను. గుమ్మంలో నమస్కారం పెట్టినప్పుడు అరచేతులు కలిశాయి, వేళ్ల కొసలు కలిశాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు మధ్య కణుపుల దగ్గర మాత్రం పెన్సిల్ దూరేంత సందు మిగిలింది.

"బాబాయ్ గారూ, షుగరు ఎన్నేళ్ల నుంచి?" అని అడిగాను.

ఆయన భార్య వైపు చూశారు. "నువ్వు చెప్పావా?"

"నేనెప్పుడు చెప్పాను? ఇప్పుడేగా లోపలికొచ్చాం" అన్నారు ఆవిడ.

తొమ్మిదేళ్లట. షుగరు చాలాకాలం ఉన్నవాళ్లలో వేళ్ల కీళ్లు పూర్తిగా చాపుకోకపోవడం తరచుగా కనిపిస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర, కణజాలానికి గట్టిదనమిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులకు అంటుకుని వాటి మధ్య అడ్డ లంకెలు వేస్తుంది. పోగు పోగు మీద జారడం తగ్గుతుంది, కణజాలం బిరుసెక్కుతుంది. భుజం బిగుసుకుపోవడం, వేలు మడిస్తే టక్కున ఇరుక్కుపోవడం షుగరున్నవాళ్లలో ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం. అంతమాత్రాన ఈయన నడుముకు కూడా ఇదే కారణమని తేల్చేయలేను. కానీ ఎలాంటి కణజాలంతో పని చేయబోతున్నానో ఆ నమస్కారమే చెప్పింది.

ఫైలు లావుగా ఉంది. ఎమ్మారైలో నడుము కింది భాగాన ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ (మెత్తటి దిండు లాంటిది) కొంచెం ఉబ్బిందని ఉంది. "డిస్కు జరిగిపోయిందన్నారమ్మా, ఇక వంగకూడదన్నారు" అని ఆయన రెండేళ్లుగా భయపడుతున్నారు. నొప్పి ఏమీ లేని యాభై ఏళ్ల వాళ్లను స్కాన్ చేసినా 60 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో ఒక పెద్ద సమీక్ష తేల్చింది. ఈ మాట ఆయనకు మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి "అయితే వంగొచ్చా?" అన్నారు. ఆ రోజు జరిగిన చికిత్సలో సగం అదే.

రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, మూత్రం ఇబ్బంది, కాలు బలం తగ్గడం ఏవీ లేవు. షుగరున్నవాళ్లలో వెన్నుపూసల ముందువైపు ఎముక పెరిగి వెన్ను గడ్డకట్టినట్టయ్యే జబ్బు ఒకటుంది కాబట్టి ఎక్స్‌రే ఒకసారి ఆర్థో డాక్టరు గారి చేత చూపించాను. అది లేదన్నారు. కంటి రెటీనా పరీక్ష, అరికాళ్ల స్పర్శ పరీక్ష కూడా చేయించుకుని రమ్మన్నాను. నడుము నొప్పికి కళ్లెందుకని ఆయన విసుక్కున్నారు. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే తల కిందికి వంచే భంగిమలు, ఊపిరి బిగబట్టే కష్టమైన కదలికలు చేయించకూడదు. పిలాటీస్‌లో అలాంటివి బోలెడు ఉన్నాయి. అదృష్టం, కళ్లు బాగున్నాయి.

కొలతలు

నిలబడి ముందుకు వంగితే చేతివేళ్లు నేలకు 27 సెం.మీ. పైనే ఆగిపోయాయి. నడుము దగ్గర 15 సెం.మీ. గీత గీసి వంగమంటే అది 18.5 దాకా సాగింది, 20 దాటాలి. కూర్చుని తిరిగితే కుడివైపు 42 డిగ్రీలు, ఎడమవైపు 28. కుడి చేయి పైకెత్తితే 155 డిగ్రీలు, ఎడమది 168. గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీ చుట్టుకొలత పెరిగింది 3 సెం.మీ. లేవగానే బిగుతు 20 నిమిషాలు. సాయంత్రానికి నొప్పి పదికి ఆరు. రోజువారీ పనుల ఇబ్బంది కొలిచే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో 34 శాతం. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చివరిసారి 7.8.

నన్ను ఆపిన అంకె మాత్రం ఈ జాబితాలో లేదు. ఆయనకు అందరూ "తొడ వెనక నరాలు పొట్టిగా ఉన్నాయి, సాగదియ్యాలి" అని చెబుతూ వచ్చారు. (మన దగ్గర కండరమైనా, స్నాయువైనా అన్నిటికీ పేరు నరమే.) పడుకోబెట్టి, మోకాలు చాపే ఉంచి కాలు నేనే ఎత్తాను. 78 డిగ్రీల దాకా సాఫీగా వచ్చింది. తొడ వెనక భాగం పొట్టిదైతే కాలు అంత లేవదు. మళ్లీ లేపి, ఎత్తు బల్ల మీద చేతులు పెట్టించి, ఊపిరి వదులుతూ చేతులు ముందుకు జారిస్తూ వంగమన్నాను. నాలుగు సార్లు చేశాక బల్ల తీసేసి కొలిస్తే 19 సెం.మీ. ఐదు నిమిషాల్లో 8 సెం.మీ. వచ్చేశాయి.

ఐదు నిమిషాల్లో ఏ కణజాలమూ పొడవు పెరగదు. అంటే ఆ ఎనిమిదీ కాపలా. వంగితే ఏదో అయిపోతుందని ఒళ్లు బిగపట్టుకుని కూర్చుంది. మిగిలిన దానిలో ఎంత కాపలా, ఎంత నిజంగా బిరుసెక్కిన కణజాలం అన్నది తేలడానికి నెలలు పట్టింది. బిగుతు కనిపించగానే సాగదీయడానికి దిగిపోవడం మా వృత్తిలో పాత అలవాటు. నాకూ ఉండేది.

కొట్టుకు వెళ్లాను

రెండో వారంలో చీర కొనే వంకతో ఆయన పనిచేసే చోటికి వెళ్లాను. నిజంగానే ఒక మంగళగిరి చీర కొన్నాను కూడా, అది వేరే సంగతి. తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అరలన్నీ ఆయనకు కుడిపక్కన, కాస్త వెనగ్గా. ఎవరో "కొంచెం ముదురు రంగు చూపించండి" అంటారు. ఈయన నడుము దగ్గర్నుంచి కుడికి తిరిగి, అర లోంచి చీర లాగి, ముందుకు తిరిగొచ్చి, కుడి మణికట్టుతో ఒక్క విసురు విసురుతారు. పమిట మొత్తం గద్దె మీద పరుచుకుంటుంది, కొంగు సరిగ్గా కొనేవిడ మోకాలి ముందు ఆగుతుంది. ముప్ఫై ఏళ్ల పనితనం. చూస్తుంటే ముచ్చటేసింది. లెక్కపెట్టాను: ఇరవై నిమిషాల్లో కుడికి 31 సార్లు, ఎడమకు 2 సార్లు. ఆ రెండూ టీ అబ్బాయి కోసం.

28 డిగ్రీలకు జవాబు దొరికింది. ఎడమకు తిరగడం ఆయన జీవితంలోనే లేదు.

నడుము వెనక, చర్మానికీ కండరాలకూ మధ్య తెల్లటి దళసరి ఫేషియా ఉంటుంది. స్కూలు బయాలజీలో సంయోజక కణజాలం అని చదువుకున్న కుటుంబంలోదే ఇదీ. మాంసం కోసేటప్పుడు కత్తికి అడ్డం పడే తెల్లటి పొర ఎవరైనా చూసే ఉంటారు. నడుము దగ్గర ఇది ఒక పొర కాదు, పొర మీద పొర. వాటి మధ్య వదులు కణజాలం, అందులో హైలురోనాన్ అనే జిగురు లాంటి పదార్థం. దాని వల్లే పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. చంక కింద నుంచి వచ్చే పెద్ద వీపు కండరం ఒక పక్క నుంచి, పిర్ర కండరం అవతలి పక్క నుంచి ఈ ఫేషియాలోనే కలుస్తాయి. ఈయన కుడి భుజం, ఎడమ పిర్ర రోజూ మాట్లాడుకునేది ఈ పొర గుండానే.

2011లో పరిశోధకురాలు హెలీన్ లాంజెవిన్ బృందం అల్ట్రాసౌండ్‌తో ఈ పొరల జారుడు కొలిచింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్లలో అది నొప్పి లేనివాళ్లకంటే సుమారు 20 శాతం తక్కువగా ఉంది. నొప్పి వల్ల కదలిక తగ్గి జారుడు తగ్గిందా, జారుడు తగ్గి నొప్పి వచ్చిందా అన్నది ఆ కొలత చెప్పదు. ఇటలీలో పాడువా విశ్వవిద్యాలయానికి చెందిన కార్లా స్టెక్కో అభిప్రాయం ఏమిటంటే, కదలిక లేనప్పుడు ఆ జిగురు చిక్కబడుతుంది, కదలికకూ వేడికీ మళ్లీ పలచబడుతుంది. పొద్దున లేవగానే కర్రలా ఉండి, కొండ మెట్లు దిగేసరికి ఒళ్లు వదులవుతుందని ఈయన చెప్పినదానికి ఈ మాట సరిపోతుంది.

ఇదంతా ఆయనకు చెబుతుంటే మధ్యలో ఆపి, "పట్టుచీర ఒకే మడతలో బీరువాలో ఏళ్ల తరబడి పెడితే మడత దగ్గరే చీకిపోతుందమ్మా. మడత మార్చి పెట్టమని ప్రతి కస్టమరుకీ చెబుతా. నా నడుముకి ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ రోజు నుంచి నేను కూడా ఫేషియా అనడం తగ్గించి మడత అనే అంటున్నాను.

నూనె మర్దన గురించి ఒక మాట

ప్రతి ఆదివారం ఒకాయన ఇంటికొచ్చి నువ్వుల నూనెతో మాలీషు చేసి వెళ్లేవారట. ఆ రోజంతా హాయి, మంగళవారానికి మామూలే. నేను దాన్ని మాన్పించలేదు. హాయిగా ఉంటే కాపలా తగ్గుతుంది, ఆ వీలు చూసుకుని కదిలించుకోవచ్చు. కానీ "అతుక్కుపోయిన పొరలు వేళ్లతో విడదీశాం" అనే మాట నేను ఒప్పుకోను. 2008లో వచ్చిన ఒక గణిత నమూనా ప్రకారం తొడ పక్కనా, అరికాల్లోనా ఉండే గట్టి ఫేషియాను 1 శాతం నొక్కాలన్నా, పక్కకు జరపాలన్నా మనిషి చేతులకు అలవి కానంత బలం కావాలి. పదేళ్ల కిందట నేను కూడా రోగులకు "విడదీస్తున్నాను" అనే చెప్పాను, డబ్బులు కూడా తీసుకున్నాను. ఇప్పుడు అనను.

ఫేషియాలో మార్పు తెచ్చేది అందులో ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. అవి లాగుడును పసిగడతాయి. లాగుడు పడితే కొలాజెన్ తయారీ పెంచుతాయి, ఏ దిక్కున లాగుడు పడుతుందో ఆ దిక్కున పోగులు సర్దుతాయి. గట్టి వ్యాయామం తర్వాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజు స్నాయువుల్లో కొలాజెన్ కట్టేదానికన్నా విరిగేదే ఎక్కువ, ఆ తర్వాతే కట్టేది పైచేయి అవుతుంది. అందుకే రోజూ చితకబాదితే నష్టం, వారానికోసారి చేస్తే చాలదు. ఈయనకు సోమ, గురువారాలు నా దగ్గర స్ప్రింగుల మీద, శనివారం ఇంట్లో చాప మీద అని పెట్టాను.

స్ప్రింగులే ఎందుకు

పిలాటీస్ పేరు పెట్టుకున్న మనిషి జోసెఫ్ పిలాటీస్. 1883లో జర్మనీలో పుట్టాడు, మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండువాళ్లు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నిర్బంధించిన జర్మన్లలో ఒకడు, 1920ల్లో న్యూయార్క్ చేరి అక్కడ స్థిరపడ్డాడు. తన పద్ధతికి తను పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే అదుపు. నా లెక్కలో ఆ పేరే బాగుంది. పిలాటీస్ అంటే ఒళ్లు సాగదీయడం అనుకుని వచ్చేవాళ్లే మా దగ్గర ఎక్కువ.

రిఫార్మర్ అంటే పట్టాల మీద జారే మంచం, దానికి స్ప్రింగులు. స్ప్రింగు లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. వదిలేటప్పుడు అది మనల్ని లాగేస్తుంది, ఆపుకుంటూ రావాలి. పాఠమంతా ఆ ఆపుకుంటూ రావడంలోనే ఉంది. కండరం పొడవవుతూ కూడా బరువు మోస్తుంది, దానితోపాటు ఫేషియా నిదానంగా, దిక్కు తప్పకుండా లాగుడు అందుకుంటుంది. డంబెల్స్‌తో ఇది కుదరదా? కుదురుతుంది. కానీ భయపడుతున్న నడుముకు స్ప్రింగు సగం బరువు మోసి సాయం చేయగలదు. ఆ సాయం డంబెల్ చేయదు.

మొదటి మూడు వారాలు చాలా సాదా పని. వెల్లకిలా పడుకుని పాదాలతో మంచం నెట్టడం, కటిని మెల్లగా ఎత్తి ఒక్కో వెన్నుపూసా దించడం, పక్కకు పడుకుని పైచేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం. ఊపిరి పొట్ట ముందుకు కాదు, పక్కటెముకలు పక్కలకు తెరుచుకునేలా పీల్చడం. దీనికి నాకొక చిట్కా ఉంది. పక్కటెముకల చుట్టూ చీరకొంగు లాంటి పలచటి గుడ్డ చుట్టి, కొసలు ఆయన చేతికే ఇచ్చి, ఊపిరితో దాన్ని తోయమంటాను. చీర పట్టుకోగానే ఆయన చేతులు వాటంతట అవే సర్దుకున్నాయి. ప్రతి కదలికా ముందు ఎడమవైపు, ఎక్కువసార్లు ఎడమవైపు. అన్నేళ్ల అలవాటుకు సమానత్వం పాటించడం న్యాయం కాదనిపించింది.

నాలుగో వారం, నా తప్పు

కొట్టు పదింటికి తెరుస్తారు కాబట్టి పొద్దున ఆరింటికి రమ్మన్నాను. ఆయన ఐదున్నరకు లేచి, స్కూటీ వేసుకుని వచ్చేసేవారు. మూడు వారాల్లో వంగడం 20 సెం.మీ.కి వచ్చింది, ఆయనకు హుషారు, నాకూ హుషారు. నాలుగో సోమవారం గది తలుపు తీయగానే నిలబడి మెడ నుంచి కిందికి ఒక్కో వెన్నుపూసా చుట్టుకుంటూ వంగే రోల్‌డౌన్ ఎనిమిది సార్లు, ఆ వెంటనే పడుకుని లేచే రోల్‌అప్ చేయించాను. మరునాడు ఆషాఢం సేల్ మొదలు. బుధవారం ఉదయం ఆయన భార్య ఫోను: "మంచం మీంచి లేవలేకపోతున్నారమ్మా. ఏం చేయించారు?"

ఏం చేయించానో నాకు తెలుసు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే డిస్కు మీదా, వెనకున్న లిగమెంట్ల మీదా పడే ఒత్తిడి పగటి పూటకన్నా చాలా ఎక్కువ. చదివిన విషయమే, క్లాసుల్లో చెప్పిన విషయమే. కుదిరిన టైము చూసుకుని గడియారం సంగతి మర్చిపోయాను. సేల్ మొదటి రోజు పన్నెండు గంటలు కూర్చోవడం కూడా ఒక చెయ్యి వేసి ఉంటుంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోను.

కాలు తిమ్మిరి, బలహీనత లేవని ఫోన్లోనే అడిగి, సాయంత్రం వెళ్లి చూశాను. కొండ మీది ఇల్లు, ఇరుకు మెట్లు 110. ఎక్కేసరికి నాకే నడుము గుర్తొచ్చింది. పిన్ని గారు కాఫీ ఇచ్చారు గానీ మాట్లాడలేదు. ఆయనతో "తప్పు నాదే బాబాయ్ గారూ" అన్నాను. "నువ్వు చేయించకపోయినా సేల్‌లో పట్టేసేదేలేమ్మా" అన్నారు. ఆ రోజు చేసింది అంతా కలిపి పది నిమిషాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు అటూ ఇటూ, పక్కటెముకల ఊపిరి, గదిలోనే నడక. నాలుగు రోజుల్లో తగ్గింది.

అప్పటి నుంచి టైము ఆరున్నర. లేచి ఇడ్లీ తిని (షుగరు మాత్రలు వేసుకునేవాళ్లను ఖాళీ కడుపుతో వ్యాయామం చేయించను), మెట్లు దిగి, కింద రోడ్డు మీద పావుగంట నడిచాకే రావాలి. ముందు నిలబడి చేసేవి, తర్వాత స్ప్రింగులు, తిరిగేవి, వెనక్కి వంగేవి. ముందుకు వంగేవి ఆఖరి పది నిమిషాల్లోనే. రోల్‌అప్ ఈ కేసులో మళ్లీ చేయించలేదు. అవసరం కూడా రాలేదు.

ఆరో వారం నుంచి

ఇక్కణ్నుంచి పని బరువు పెరిగింది. ఎక్కువ ఫలితం కనిపించింది మెర్‌మెయిడ్ అనే కదలికలో. ఆయన ఎలాగూ కింద కూర్చునే మనిషి కాబట్టి ఇది ఆయనకు సొంతిల్లు లాంటిది. రిఫార్మర్ మంచం మీద పక్కకు కూర్చుని, కాళ్లు ఒక వైపు మడిచి, ఒక చేయి కడ్డీ మీద. చేతితో నెట్టేకొద్దీ మంచం జారుతుంది, ఒళ్లు ఆ వైపుకు వాలుతుంది, పైచేయి తల మీదుగా వెళుతుంది. అక్కడే ఆగి, ఛాతీని నేలవైపు తిప్పాలి. కుడి చంక కింద నుంచి తుంటి దాకా ఒకే తాడు లాగినట్టు ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు స్ప్రింగు మంచాన్ని విసురుగా లాగేయబోతుంది. మొదటి రోజు మంచం ఠక్కున వచ్చి కొట్టుకుంది. "పమిట విసిరినట్టు కాదు, మడత పెడుతున్నట్టు రండి" అన్నాను. నాలుగో సారికి చప్పుడు లేదు. ఆ చప్పుడే నాకు కొలబద్ద. మంచం చప్పుడు కాకుండా ఆగిందంటే తిరుగుదారిలో ఎక్కడా బరువు జారవిడవలేదన్నమాట.

బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడి స్ప్రింగు వెనక్కి తోయడం, కూర్చుని తిరుగుతూ ఎదుటి పాదం చిటికెన వేలును తాకబోయే కదలిక ఒక్కొక్కటే చేరాయి. పది వారాలు దాటాక రెండు నిమిషాలు చిన్న చిన్న గెంతులు కూడా, రిఫార్మర్ మీద పడుకుని. గెంతుతున్నంతసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నారు. గెంతి ఎన్నేళ్లయిందో గుర్తులేదట.

అయినా వారంలో నా వాటా రెండు గంటలు, గద్దె వాటా అరవై. అందుకే కొట్టులో కూర్చునే చోటు మార్చమన్నాను: మధ్యాహ్నం భోజనం తర్వాత అవతలి పక్కన కూర్చుంటే అరలు ఎడమకు వస్తాయి. యజమాని మొదట ఒప్పుకోలేదు. పెద్దాయన కూర్చునే చోటే కస్టమర్లు వెతుక్కుంటూ వస్తారట. చివరికి పక్కనున్న కుర్రాడు చోటు మార్చుకోవడానికి సిద్ధపడ్డాడు. ఎడమకు తిరిగి కుడి చేత్తోనే విసరడం కుదరక మొదటి వారం పమిటలు అటూ ఇటూ పడ్డాయట. "కొత్తగా చేరినవాడిలా అయిపోయానమ్మా, పరువు పోతోంది" అని బాధపడ్డారు. నా వ్యాయామాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అనుకుంటున్నాను. కానీ రెండూ కలిపే చేశాం, దేని వాటా ఎంతో విడదీయలేను.

పదహారో వారం ముగిసేసరికి

మొత్తం 32 క్లాసులకు 27 వచ్చారు. ఎగ్గొట్టినవి ఎక్కువగా శ్రావణంలోనే, వరలక్ష్మీ వ్రతం ముందు. ముందుకు వంగితే నేలకు 12 సెం.మీ. నడుము గీత 15 నుంచి 19.6 దాకా సాగింది. ఎడమకు తిరగడం 28 నుంచి 41కి వచ్చింది, కుడి 44. ఛాతీ వ్యాకోచం 4.5 సెం.మీ. లేవగానే బిగుతు ఐదు నిమిషాలు. సాయంత్రం నొప్పి రెండు. ఆస్వెస్ట్రీ 16 శాతం. ఈ ప్రశ్నావళిలో పది తగ్గితే మనిషికి తేడా తెలుస్తుందని లెక్క, పద్దెనిమిది తగ్గింది. కుడి భుజం మాత్రం 155 నుంచి 160 దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని విజయం అనను. నమస్కారంలో సందు అలాగే ఉంది. చక్కెర వేసిన లంకెలను వ్యాయామం విప్పుతుందని నేనెవరికీ చెప్పను.

ఇదే సమయంలో ఆయన డాక్టరు మందు మార్చారు, రోజూ నడక మొదలైంది, హెచ్‌బీఏ1సీ 7.1కి దిగింది. భయం తగ్గింది. మాలీషు కొనసాగింది. ఇన్నింటి మధ్య పిలాటీస్‌కే మార్కులన్నీ వేసుకోవడం సరికాదు. వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష 10 ప్రయోగాలు, 510 మందిని కలిపి చూసింది: నడుము నొప్పికి ఏమీ చేయకపోవడం కన్నా, నామమాత్రం చికిత్స కన్నా పిలాటీస్ మేలు, ఇతర వ్యాయామాల కన్నా మెరుగని మాత్రం తేలలేదు. ఈయన ఈత కొట్టినా, యోగా చేసినా ఇంతే రావచ్చు. కానీ ఆయన చేయగలిగింది ఇది. పొరల జారుడు నేను అల్ట్రాసౌండ్‌తో కొలవలేదు కూడా. మారింది ఫేషియాయా, కాపలాయా అని ఎవరైనా గట్టిగా అడిగితే నా ఊహ ఒకటే: మొదటి నెలలో వచ్చింది కాపలా వదలడం, మూడో నెల తర్వాత నిదానంగా వచ్చిన ఎడమ తిరుగుడులో మాత్రం కణజాలం వాటా ఉంది. కొలాజెన్ మారడానికి నెలలు పడుతుంది కాబట్టి పదహారు వారాలు అసలు మొదలే.

మెషిన్ ఫీజు ఎప్పటికీ కట్టలేరు కాబట్టి అక్టోబర్ నుంచి ఇంటి పనికి మార్చాం. చాప, కిటికీ ఊచకు కట్టిన సాగే బ్యాండు, గద్దె మీదే బేరం లేనప్పుడు మెర్‌మెయిడ్.

సంక్రాంతి తర్వాత పరీక్షకు వచ్చారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఐదు వారాలు ఏమీ చేయలేదని ముందే ఒప్పుకున్నారు. ఎడమకు 38 డిగ్రీలు, నొప్పి మూడు, లేవగానే బిగుతు పది నిమిషాలు. కొంత జారింది, మొదటికి పోలేదు. వారానికి మూడు రోజుల ఇంటి పని మళ్లీ మొదలుపెట్టించాను, భుజానికి ఒక కదలిక కలిపాను.

వెళ్తూ గుమ్మంలో ఆగి నమస్కారం పెట్టి, వేళ్ల సందులోంచి ఒక కన్నుతో నన్ను చూశారు. "ఇది ఇంతేనా అమ్మా?"

"అది ఇంతే బాబాయ్ గారూ. షుగరు పెరగకుండా చూసుకోండి, ఇంకా ముదరకుండా ఉంటుంది."

"సరేలే. నాతో చోటు మార్చుకున్న కుర్రాడు లేడూ, వాడికిప్పుడు కుడిపక్క పట్టేస్తోందట. సోమవారం తీసుకొస్తా. వాడికి మాత్రం ఆరింటికి పెట్టకు."